తెల్ల స్తంభం

"ఇదేం ఎరుపో, ఎంత రుద్దినా పోవడం లేదు," అంది పెద్దమ్మ.

నానమ్మ చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, తడిగుడ్డతో ఒక్కో గోరూ తుడుస్తోంది. నానమ్మ పొద్దున్నే పోయింది. నాన్నా పెదనాన్నా కలిసి మేడ మీంచి కిందికి దించారు. స్టూడియో హాల్లో, పూలతోట గీసిన పాత తెర ముందు, కస్టమర్లు కూర్చునే పొడుగు బల్ల మీద పడుకోబెట్టారు. మెట్లు ఇరుకు, శ్మశానం బండివాళ్ళకి ఇబ్బంది అవుతుందని పెదనాన్న అన్నాడు. ఏదైతేనేం, ఒక్కసారి తప్ప ఎన్నడూ తెర ముందుకి రాని మనిషిని చివరికి అక్కడికే తెచ్చారు.

పెదనాన్న మాత్రం ఆవిడ పక్కన లేడు. వీధి గుమ్మానికి ఒక తలుపు మూసేసి, రెండో తలుపు మీద చెయ్యి అడ్డం పెట్టి నిలబడ్డాడు. గడప అవతల ఎండలో మా మేనత్త ఉంది.

"చూసి వెళ్ళిపోతానన్నయ్యా. కూర్చోను కూడా."

"ఏం చూస్తావు? బతికుండగా నిన్ను చూడొద్దనుకున్న మనిషి. పోయాక అడ్డం చెప్పలేదని వచ్చావా?"

"చూడొద్దని అమ్మ నాతో ఎప్పుడూ అనలేదు."

"నోటితో అనలేదు, చేత్తో చేసింది. తన చేత్తో నిన్ను గీకేసింది. ఆ షోకేసులోనే ఉందిగా, పోయి చూసుకో."

అత్త చూడక్కర్లేదు. మా వీధిలో ఆ ఫోటో చూడనివాళ్ళు లేరు. స్టూడియో షోకేసులో, నడిమధ్యలో, నేను పుట్టకముందు తీసిన, మా కుటుంబం మొత్తం ఉన్న ఫోటో అది. తాతయ్య కుర్చీలో ఉంటాడు. వెనక పెదనాన్న, పెద్దమ్మ, నాన్న. చివర్న నానమ్మ. నానమ్మ పక్కన, కుడి అంచున, ఒక తెల్ల స్తంభం. నానమ్మ ఎడమ చెయ్యి ఆ స్తంభం వెనక్కి వెళ్ళి మాయమైపోతుంది. ఆవిడ స్తంభాన్ని పట్టుకుని నిలబడిందేమిటని చిన్నప్పుడు నేను నవ్వేదాన్ని. మా స్టూడియోలో అసలు స్తంభమే లేదని నాకు చాలా కాలం తట్టలేదు.

ఆ స్తంభం ఉన్న చోట అత్త ఉండేది.

అత్త చేసింది చిన్న తప్పని నేననను. ఇంట్లో నేర్చుకున్న పనితో రెండు వీధుల అవతల సొంతంగా స్టూడియో పెట్టింది. పెట్టుకుంటే పెట్టుకుంది, తాతయ్య తీసిన ఫోటో ఒకటి పట్టుకెళ్ళి తన షోకేసులో పెట్టింది, తన పనే అన్నట్టు. తాతయ్య అది చూసి ఇంటికొచ్చి మంచమెక్కాడు, మళ్ళీ దిగలేదు. గుండె అంతకుముందే బాగాలేదని డాక్టరు అన్నాడట. పెదనాన్న ఆ డాక్టరు మాట వినలేదు. అత్త పేరు ఇంట్లో వినపడకూడదన్నాడు, ఫోటోలో కనపడకూడదన్నాడు. నెగెటివ్ మీద కత్తి పెట్టి గీకెయ్యమని నానమ్మ ముందు పెట్టాడు. మర్నాటికి అత్త పోయి స్తంభం వచ్చింది.

"తమ్ముడూ, నువ్వైనా చెప్పవేం?" అంది అత్త.

నాన్న స్టూలు మీద కూర్చుని నేల చూస్తున్నాడు. ఏం చేస్తున్నాడంటే, ఏమీ చెయ్యడం లేదు. మా నాన్నకి బాగా చేతనైన పని అదే.

పెద్దమ్మ నానమ్మ చెయ్యి దుప్పటి కిందికి నెట్టి, రెండో చెయ్యి తీసుకుంది. "వచ్చినవాళ్ళంతా ఫోటో ఏదని అడుగుతున్నారండీ. ఊరందరి ముఖాలూ దిద్దిన మనిషి, తల దగ్గర పెట్టడానికి ఒక్క ఫోటో లేదంటే ఏం బావుంటుంది?"

పెదనాన్న తల తిప్పకుండానే నన్ను పిలిచాడు. "పెన్సిలుముక్కా, పైకెళ్ళి ఆ ఫ్యామిలీ ఫోటో నెగెటివ్ తియ్. అమ్మ ముఖం వరకూ పెద్దది చేసి ప్రింటెయ్. ముఖం వరకే. పక్కది రాకూడదు."

"పక్కన ఉంది స్తంభమేగా," అంది అత్త. "అది వస్తే ఏం?"

పెదనాన్న తలుపు ఇంకొంచెం దగ్గరికి లాగాడు. నాకు ఆయన చెయ్యి పట్టుకుని కొరకాలనిపించింది. కొరకలేదు. పైకి వెళ్ళాను.

*

పెన్సిలుముక్క అని పేరు పెట్టింది నానమ్మే. ఆవిడ దగ్గర ఉండే పెన్సిళ్ళలా నేనూ పొట్టిగా, గుచ్చుకునేలా ఉంటానట.

ఆవిడ బల్ల ఇంకా కిటికీ దగ్గరే ఉంది. ఏటవాలు చెక్క, మధ్యలో గాజుపలక, కింద వెలుతుర్ని పైకి తోసే అద్దం. నెగెటివ్‌ని ఆ గాజు మీద పెట్టి, భూతద్దం కన్నుకి ఆనించుకుని, సూదిలా చెక్కిన పెన్సిలుతో చుక్కలు పెడుతూ కూర్చునేది. తాతయ్య మనుషుల్ని ఫోటో తీసేవాడు, నానమ్మ వాళ్ళని మనుషుల్లా చేసేది. ఈ మాట ఆవిడే అనేది, అదీ తాతయ్య వినేలా.

ముఖాలంటే ఆవిడకి పిచ్చి. వేరే మాట లేదు. బజారుకి వెళ్తే కూరలు మర్చిపోయి వచ్చేది, కూరలమ్మే మనిషి కనుబొమల గురించి మాత్రం సాయంత్రం దాకా చెప్పేది. పెళ్ళివాళ్ళు వచ్చి అమ్మాయి బుగ్గ మీద పుట్టుమచ్చ తీసెయ్యమంటే గొడవ పడేది. "మచ్చ తీస్తే ఇంటికెళ్ళాక కుక్క మొరుగుతుంది, ఎవరో కొత్త మనిషి వచ్చిందని," అనేది. డబ్బులిచ్చేవాళ్ళతో అలా మాట్లాడొద్దని పెదనాన్న కేకలేసేవాడు. ఆవిడ తల ఊపి, మచ్చని కొంచెం పలచన చేసి ఊరుకునేది. మొత్తం ఎప్పుడూ తియ్యలేదు.

కంప్యూటర్లు వచ్చాక ఆ పని పోయింది. కళ్ళు కూడా పోతూ వచ్చాయి. అయినా రోజూ మధ్యాహ్నం ఆ బల్ల దగ్గర కూర్చునేది. ఏం చేస్తున్నావని అడిగితే, "పాతవి చూసుకుంటున్నానే," అనేది. నేను ఆవిణ్ణి అలా వదిలేసి కిందికి పోయేదాన్ని. ఇప్పుడు ఆ కుర్చీ ఖాళీగా ఉంది. కాసేపు దాని వీపు పట్టుకుని నిలబడి, బాగా ఏడ్చాను.

తర్వాత నెగెటివ్‌ల పెట్టె తీశాను. పోస్టుకార్డంత నెగెటివ్, అన్నిటికంటే పైనే ఉంది. కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాను.

నాకు పని నేర్పిన మొదటి రోజే నానమ్మ చెప్పింది, నెగెటివ్‌లో అంతా తిరగబడి ఉంటుందని. కత్తితో గీకితే అక్కడ బొమ్మ ఉండే పొర పోతుంది, ప్రింటులో నల్లగా వస్తుంది. మళ్ళీ ఎవరూ తెచ్చివ్వలేరు. రంగు పూస్తే వెలుతురు ఆగిపోతుంది, తెల్లగా వస్తుంది. తడిదూదితో తుడిస్తే రంగు పోయి కిందది బయటపడుతుంది. "కత్తి ముట్టుకునే ముందు నన్నడుగు," అనేది.

నా చేతిలో ఉన్న నెగెటివ్ కుడి అంచున చిక్కటి ఎర్ర రంగు ఉంది. నిలువునా, స్తంభం ఆకారంలో.

షోకేసులో స్తంభం తెల్లగా ఉంది కదా. గీకితే నల్లగా ఉండాలి. ఇంటిల్లిపాదీ ఈ పని చేసి తిన్నవాళ్ళం, రోజూ ఆ ఫోటో పక్కనుంచే లోపలికీ బయటికీ తిరిగాం. పెదనాన్న గీకించానని చెప్పాడు కాబట్టి గీకేసిందనే అనుకున్నాం. చూసినదాన్ని వదిలి విన్నదాన్ని నమ్మాం. ఫోటోలవాళ్ళం మేమే ఇలా చేస్తే ఇంక ఎవరికి చెప్పుకోవాలి.

నాకు సంతోషం ఆగలేదు. నానమ్మ పెదనాన్నని మోసం చేసింది. అత్తని గీకలేదు, దాచింది. తుడిస్తే వస్తుంది. తెచ్చి పెదనాన్న ముఖం ముందు పెడితే ఆ చెయ్యి తలుపు మీంచి దిగక ఏం చేస్తుంది?

గిన్నెలో నీళ్ళు తెచ్చాను. దూది తడిపి అంచున ఆనించాను. అంత పాత రంగు ఎండి బిగుసుకుపోయి ఉంటుందనుకున్నాను. ముట్టుకోగానే నిన్న పూసినట్టు జారిపోయింది. అది వింతగానే తోచింది గానీ ఆగలేదు. ముందు కాళ్ళు వచ్చాయి, తర్వాత బట్టల మడతలు. నడుం. నానమ్మ ఎడమ చెయ్యి బయటపడింది, అత్త భుజం చుట్టూ. వేళ్ళు గట్టిగా పట్టుకుని ఉన్నాయి.

మెడ వచ్చింది. ఆ పైన ఏమీ రాలేదు.

రంగంతా పోయింది. వెలుతురుకి పెట్టి చూశాను. అందరి ముఖాలూ ఉన్నాయి, తాతయ్య మీసంలో వెంట్రుకతో సహా. అత్త ముఖం ఉండాల్సిన చోట మాత్రం ఖాళీ గాజులా తేటగా ఉంది. అవతల కిటికీ ఊచ కనిపిస్తోంది.

*

కిందికి దిగేసరికి మాటలు ముదిరాయి.

"నాన్నని కాటికి తీసుకెళ్ళినప్పుడు కూడా నన్ను వీధి చివరే ఆపేశావు," అంటోంది అత్త. "నాది తప్పే. ఆ ఫోటో పెట్టుకోకుండా ఉండాల్సింది. మా నాన్న తీసినదని గొప్పగా పెట్టుకున్నాను, నా పనని చెప్పుకోవడానికి కాదు. అది నీకు చెప్పనిచ్చావా?"

"చెప్పి ఏం చేస్తావు? మనిషిని తెచ్చిస్తావా?"

"అమ్మని చూడనివ్వు. నేనింకేం అడగను."

పెదనాన్న నా చేతిలో నెగెటివ్ చూశాడు. ప్రింటు ఏదని అడగబోయి, ఎర్రగా ఉన్న నా వేళ్ళు చూసి ఆగాడు. నెగెటివ్ లాక్కుని వీధి వెలుతురుకి ఎత్తాడు. చాలాసేపు చూశాడు. తర్వాత దాన్ని గడప మీదుగా అత్తకి అందించాడు.

"చూసుకో. నేను అబద్ధం చెప్పానా? ముఖం గీకేసి, పైన రంగు పూసింది."

అత్త కళ్ళద్దాలు పైకి తోసి చూసింది. నెగెటివ్‌ని కంటికి ఆనేంత దగ్గరికి తెచ్చుకుంది. నెగెటివ్‌లు దిద్దినవాళ్ళ కళ్ళు ఎప్పుడూ అంతంతమాత్రమే.

"తెల్లగా ఉంది కదా, రంగే అనుకున్నాను," అంది, తనలో తనే. "ఎప్పుడో ఒకరోజు తుడుస్తుందిలే అనుకున్నాను. అందుకే ఎటు వెళ్ళాలన్నా ఈ వీధిలోంచే వెళ్ళేదాన్ని. షోకేసులో చూసుకుంటూ. ఎండకి ఫోటో వెలిసిపోతే అమ్మే కొత్త ప్రింటు తీసి పెట్టేది కదా, ఈసారి తుడిచే ఉంటుందని పరుగెత్తుకుంటూ వచ్చేదాన్ని." కంటి ముందు నుంచి నెగెటివ్ దించింది. "కింద ఇలా ఉందని తెలీదు."

"అత్తా, అది కత్తి కాదు," అన్నాను. "కత్తైతే గీతలుంటాయి. ఇది గుండ్రంగా, మెత్తగా అరిగింది."

"నువ్వు ఊరుకో," అన్నాడు పెదనాన్న. "మంచి చెయ్యి కత్తి పడితే గీత కనపడదు. మా అమ్మ చేతికి గీత పడుతుందా?"

ఆ మాట నిజమే. నానమ్మ చెయ్యి అలాంటిదే. నెగెటివ్ తుడిచి పెద్ద ఘనకార్యం చేశాననుకున్నాను. ఉన్న ఆశ కూడా తుడిచేసి తెచ్చిచ్చాను.

అత్త నెగెటివ్ నా చేతికి తిరిగి ఇచ్చింది. వెనక్కి తిరగబోయింది.

"ఆగమ్మాయ్," అంది పెద్దమ్మ.

ఆవిడ హాల్లోంచి లేచి వచ్చింది. భర్త వెనక నిలబడి మాట్లాడటమే గానీ, ఆయన్ని దాటి ముందుకి రావడం నేనెప్పుడూ చూడలేదు. ఇప్పుడు కూడా పెదనాన్న భుజం పక్కనుంచి చెయ్యి మాత్రం చాపింది. ఆ చేతిలో నానమ్మ గోళ్ళు తుడిచిన తడిగుడ్డ ఉంది. ఎర్రగా ఉంది.

"ఇందాకట్నుంచీ రుద్దుతున్నాను. పోతేగా. మందు మరకేమో అనుకున్నాను. ఇప్పుడు దీని వేళ్ళు చూశాక తెలిసింది."

పెద్దమ్మ నా వేళ్ళు చూపించింది. అదే ఎరుపు.

ఆ రంగు చేతికి అంటితే రెండు మూడు స్నానాలకి పోతుంది. నానమ్మ పోయింది ఈ పొద్దున. నిన్నో మొన్నో ఆవిడ ఆ బల్ల దగ్గర కూర్చుని రంగు పూసింది. కత్తితో ఏనాడో గీకేసి అవతల పారేసిన మనిషైతే ఇప్పుడు రంగు పుయ్యాల్సిన పనేముంది?

అప్పుడు అర్థమైంది నాకు. రోజూ మధ్యాహ్నం ఆవిడ చూసుకునేవి పాతవి కావు, పాతది. ఒక్కటే. తడిదూదితో రంగు తుడిచి కూతురి ముఖం చూసుకునేది. చూసుకుని, పెదనాన్న పెట్టె తీస్తాడేమోనన్న భయంతో మళ్ళీ పూసేసేది. తడిసిన పొర మెత్తబడుతుంది, దూది తగిలిన ప్రతిసారీ కొంచెం పోతుంది. ఇది నాకు నేర్పింది కూడా ఆవిడే. తెలిసీ ఆపుకోలేకపోయింది. చూసీ చూసీ ఆ ముఖాన్ని అరగదీసేసింది. చివర్రోజుల్లో తుడిస్తే అక్కడ ఏమీ లేదు. అయినా తుడిచింది.

అత్త గుడ్డ అందుకుంది. ముక్కు దగ్గర పెట్టుకుంది. ఆ రంగు వాసన నాకు తెలుసు, జిగురులా ఉంటుంది.

"రంగు ఎక్కడిది?" అన్నాడు పెదనాన్న. "ఆ రంగు ఇప్పుడెవడూ అమ్మడం లేదు. ఎక్కడిది?"

"నేనే తెచ్చిచ్చేవాణ్ణి," అన్నాడు నాన్న.

స్టూలు మీంచి లేవలేదు. నేలే చూస్తున్నాడు. "పొడి కొనుక్కొచ్చి కలిపిచ్చేవాణ్ణి. అడక్కురా అంది. అడగలేదు."

అత్త తమ్ముడి వైపు తిరిగింది. పెదనాన్నతో మాట్లాడినంతసేపూ బతిమాలినట్టున్న గొంతు, ఇప్పుడు అలా లేదు.

"నీకు తెలుసు."

నాన్న స్టూలు అంచు పట్టుకున్నాడు.

"రెండు వీధులురా. నా దగ్గరికొచ్చి, అమ్మ నిన్ను చూసుకుంటోందే అని ఒక్క మాట చెప్తే ఏం పోయేది? కాళ్ళు అరిగేవా? నేనేమో తను తుడవాలని చూశాను. తనేమో నేను రావాలని చూసింది. మధ్యలో నువ్వు రంగు కలుపుతూ కూర్చున్నావా?"

నాన్న ఏడుస్తున్నాడని అప్పుడు చూశాను. జాలి వెయ్యలేదు. తర్వాత వేస్తుందేమో తెలీదు.

"నన్నడగొచ్చుగా," అన్నాడు పెదనాన్న. ఎవరూ పట్టించుకోకపోతే మళ్ళీ అన్నాడు. "అమ్మ నాతో ఒక్కసారి అని ఉంటే. నేనేం రాక్షసుణ్ణా? కన్నతల్లి, నాకు భయపడి దొంగచాటుగా... ఒక్కసారి అడిగుండొచ్చు."

"అడిగారు," అంది పెద్దమ్మ.

ఆయన వెనక్కి తిరిగాడు.

"మొన్న వానలప్పుడు. అన్నం తింటూ అడిగారు. అమ్మాయిని ఒకసారి పిలిపించరా, కళ్ళు పూర్తిగా పోకముందే అన్నారు. మీరు టీవీ సౌండు పెంచారు."

వీధిలో హారను మోగింది. తెల్ల బండి వచ్చి షోకేసు ముందు ఆగింది. డ్రైవరు, ఇంకో మనిషి దిగి, స్ట్రెచరు పట్టుకుని గుమ్మం దాకా వచ్చారు. సగం మూసిన తలుపు, అడ్డంగా పెదనాన్న, ఎదురుగా అత్త. ఎటు వెళ్ళాలో వాళ్ళకి తెలీలేదు.

"కొంచెం దారివ్వమ్మా," అన్నాడు డ్రైవరు.

అత్త జరిగింది. "వెళ్ళండి బాబూ. పక్కన నిలబడటం నాకలవాటే."

పెదనాన్న ఒంటిని కొంచెం వాల్చాడు. ముక్కూ ముఖం తెలియని ఇద్దరు మనుషులు ఆయన చంక కింద నుంచి వంగి లోపలికి వెళ్ళారు. అత్త గడప అవతలే ఉంది, చేతిలో ఆ ఎర్రగుడ్డతో. అక్కణ్ణుంచి చూస్తే పూలతోట తెర పైభాగం కనిపిస్తుందేమో. నానమ్మ కనపడదు.

లోపల స్ట్రెచరు విప్పిన చప్పుడు. నానమ్మని ఎత్తిన చప్పుడు కూడా వినపడలేదు, అంత తేలిగ్గా అయిపోయింది ఆవిడ. రెండో మనిషి దుప్పటి అంచు పట్టుకుని, మెడ దాకా లాగి, ఆగాడు.

"ముఖం కప్పేస్తున్నామండీ," అన్నాడు. "ఇంకా చూసేవాళ్ళెవరైనా ఉన్నారా?"

మా ఇంట్లో ఏ ప్రశ్నకైనా జవాబు చెప్పేది పెదనాన్నే. అందరం ఆయన వైపు చూశాం. అత్త కూడా చూసింది.

ఆయన చెల్లెలి చేతిలో గుడ్డ వైపు చూస్తున్నాడు. చెయ్యి ఇంకా తలుపు మీదే ఉంది.